తోక్తోసున్ ఉస్తాకు లైసెన్సు వచ్చింది

కోక్-తాల్ బజారులో ఇకమీదట లైసెన్సు లేనివాడెవడూ కరెంటు తీగ ముట్టరాదని పురపాలక సంఘం వారు ప్రకటించారు. ముట్టినవాణ్ణి తీగ కొట్టినా కొట్టకపోయినా సంఘం వారు కొడతారు. అప్పటికి తివాచీ దుకాణాల వరుస కరెంటు తీగల వల్ల కాలి వారం కూడా కాలేదు గనుక బజారంతా చప్పట్లు చరిచింది. అందరికంటే గట్టిగా చరిచింది దుకాణం పోగొట్టుకున్న ఖాన్‌జాదా. "ఇన్నాళ్ళకు మా ప్రాణాలకు భద్రత వచ్చింది" అంటూ కళ్ళు తుడుచుకుని, కొత్త దుకాణానికి సన్న వైరు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో ఆ గుంపులోనే వాకబు చేసింది.

కరెంటు మేస్త్రీ తోక్తోసున్ ఉస్తా కూడా చప్పట్లు కొట్టాడు. ఇరవై ఏళ్ళుగా ఆ బజారులో ఎక్కడ దీపం ఆరినా నిచ్చెన మోసుకుపోయేవాడు అతడే. ఇంత పనితనానికి ఒక కాగితం కూడా తోడైతే విలువ పెరుగుతుందని మనస్ఫూర్తిగా నమ్మాడు. పాపం, మంచివాడు.

లైసెన్సులిచ్చే ఎర్మతోవ్ నిజాయితీగల అధికారి. లంచమనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆ అవసరం రాకుండా రుసుములే ఏర్పాటై ఉన్నాయి. కళ్ళ డాక్టరు పత్రానికొకటి, ఊపిరితిత్తుల పత్రానికొకటి, ఇదివరకు దేన్నీ తగలబెట్టలేదని అగ్నిమాపక శాఖ వారిచ్చే పత్రానికొకటి. మతి స్థిమితంగా ఉందని రాసిచ్చిన డాక్టరు మాత్రం, ఇన్ని రుసుములు కట్టి లైసెన్సు తెచ్చుకుంటానంటున్నాడని విని సంతకం పెట్టేముందు కాస్త ఆలోచించాడట.

"అనుభవం ఎన్నేళ్ళన్నా?" అని అడిగాడు ఎర్మతోవ్.

"ఇరవై ఏళ్ళు."

"మెల్లగా! లైసెన్సు లేకుండా ఇరవై ఏళ్ళు పనిచేశానని నా ముందే ఒప్పుకుంటావేంటి? ఏడాదికింత అని జరిమానా రాయాలి."

"అయితే అనుభవం లేదని రాయండి."

"అనుభవం లేనోడికి లైసెన్సెలా ఇస్తాం? జనం ప్రాణాలన్నా అవి!"

ఇద్దరూ చెరొక గిన్నెడు టీ తాగారు. ఆఖరికి ఎర్మతోవ్‌కే దారి తోచింది. "ఇరవై సంవత్సరములుగా ఇతరులు విద్యుత్ పనులు చేయుచుండగా శ్రద్ధగా చూచితిని" అని రాయించాడు. చూడడానికి ఇంకా లైసెన్సు పెట్టలేదు.

రుసుములన్నీ తీరేసరికి ఇంట్లో పాడి ఆవు సంతకు పోయింది. భార్య అసిల్కాన్ ఏడవలేదు, తిట్టలేదు. ఖాళీ చెంబు తెచ్చి లైసెన్సు పక్కన పెట్టి, "పొద్దున్నే దీన్ని పితుకు. పిల్లలకు పాలు కావాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

లైసెన్సు ప్రదానోత్సవం పైకప్పు వేసిన బజారు నడిబొడ్డున వైభవంగా జరిగింది. బజారు అధ్యక్షుడు తెల్ల కల్పాక్ టోపీ సవరించుకుని, "సోదరులారా! నిన్నటిదాకా మనకు వెలుతురుండేది, దానికి అధికారం లేదు. నేడు అధికారం వచ్చింది!" అన్నాడు. ఆ మాటతో కరెంటు పోయింది. తోక్తోసున్ అలవాటుకొద్దీ లేచాడు. ఎర్మతోవ్ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. లైసెన్సు గలవాడు చేసే ప్రతి పనికీ ముందుగా విడి అనుమతి కావాలి. రుసుమూ విడిగానే కట్టాలి. లేనివాడు తీగ ముట్టనే ముట్టడు గనుక వాడికి ఏ అనుమతి కావాలో చట్టంలో రాయలేదు. ఆ సందు చూసి మంగలి మమసాలీ లేచి వెనక్కి వెళ్ళి, కత్తితో తీగ చెక్కి మెలితిప్పాడు. దీపాలు వెలిగాయి. సభ మమసాలీకి చప్పట్లు కొట్టింది.

మర్నాడు తోక్తోసున్ ఖాన్‌జాదాకు కొత్త ధర చెప్పాడు. పని ధర పాతదే. పైన అనుమతి రుసుము, తనిఖీ రుసుము, ఏడాది రుసుములో ఆమె వాటా.

"తమ్ముడూ, నువ్వు మా బజారుకే గర్వకారణం" అంది ఖాన్‌జాదా. "గర్వానికి ఇంత పోయలేను గానీ, ఆ లైసెన్సు జిరాక్సొకటి ఇయ్యి. గోడకి తగిలిస్తా."

"మరి పని?"

"మమసాలీ చేస్తాడులే. గడ్డం గీసినంతలో అయిపోతుంది."

ఇవ్వనని చెప్పాల్సింది. ఇంట్లో చెంబు ఖాళీగా ఉంది. ఇచ్చాడు. వారం తిరిగేసరికి ప్రతి దుకాణంలోనూ గోడ మీంచి తోక్తోసున్ ఫొటో గంభీరంగా చూస్తోంది. తనిఖీకి వచ్చినవారు ఫొటోను చూసి తృప్తిపడేవారు. దాని వెనక నించి పోయే తీగను చూడమని చట్టం చెప్పలేదు. ఒక్కొక్క నకలుకు ఒక గిన్నెడు లగ్మాన్ నూడుల్స్ ఖరీదు ముట్టేది. అయినా ఆ వరుసల్లో నడుస్తుంటే అతనికి తిన్నది ఒంటబట్టేది కాదు. అతుకులకు చాక్లెట్ రేకులు చుట్టి ఉండేవి. ఒకే సన్న తీగకు నాలుగు హీటర్లు వేలాడేవి. చెప్పబోతే, "నీకెందుకన్నా, నీ కాగితం ఉందిగా" అనేవారు.

చలికాలం వచ్చింది. హీటర్లన్నీ వెలిగిన రోజున వరుస మళ్ళీ తగలబడింది. ఎవరూ పోలేదు. తివాచీలు లాగబోయిన ఖాన్‌జాదాకు రెండు చేతులూ కాలాయి.

విచారణ సభలో ఎర్మతోవ్ నివేదిక చదివాడు. ప్రతి దుకాణమందును చెల్లుబాటగు లైసెన్సు కలదు. కావున విద్యుత్తు వలన అగ్ని పుట్టుటకు ఆస్కారము లేదు. ప్రమాదమునకు కారణము చలి. దుకాణదారులు భక్తిగా తలలూపారు. చలి అయితే నష్టపరిహారం వస్తుంది.

తోక్తోసున్ ఖాన్‌జాదా చేతుల కట్లు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ఆ తీగలు నేను వెయ్యలేదు. మమసాలీ వేశాడు. ఈ సంగతి మీకందరికీ తెలుసు. నేను కాగితం అమ్ముకున్నాను. కారణం చలి కాదు, మేమే."

"కూర్చోవయ్యా! పరిహారం పోగొట్టేలా ఉన్నావు" అని వెనక నించి పళ్ళు కొరికారు. ఎర్మతోవ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఎందుకన్నా నిజాలు? ఇప్పుడు నీ లైసెన్సు రద్దు చెయ్యాలి. దానికీ రుసుముంది" అన్నాడు. కట్టించుకుని రద్దు చేశాడు. ఇంటికెళ్ళే దారిలో ఒక్కరూ సలాం చెప్పలేదు.

మర్నాడు పనిముట్లు సర్దుకుని అంగడి మూసేద్దామని పొద్దున్నే వచ్చాడు. అంగడి ముందు బారులు తీరి జనం. తన్నడానికి వచ్చారనుకున్నాడు. ముందు ఖాన్‌జాదా, కట్లు కట్టిన చేతులతో.

"తమ్ముడూ, లైసెన్సు పోయిందటగా?"

"పోయిందక్కా."

"అల్లా చల్లగా చూశాడు! ఇక పాత రేటేగా? మా దుకాణం నించే మొదలుపెట్టు."

"కాదు, మాది!" "నేను ముందొచ్చాను!" అని వెనకవాళ్ళు తోసుకున్నారు. వరుస చివర ఒకాయన కోటు కాలరు చెవుల దాకా లేపుకుని నిలబడ్డాడు. తన వంతు వచ్చాక అటూ ఇటూ చూసి తోక్తోసున్ చెవి దగ్గరికి వంగాడు. ఎర్మతోవ్.

"మా ఇంట్లో నీళ్ళు కాచే బాయిలరు ముట్టుకుంటే కొడుతోందన్నా. పిల్లలున్న ఇల్లు. బిల్లూ గిల్లూ వద్దు."

"మమసాలీని పిలవకపోయారా?"

"ఛ! ప్రాణాలతో చెలగాటమా!" అని ఎర్మతోవ్ అదిరిపడ్డాడు.

తోక్తోసున్ సంచీ భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ బయల్దేరారు. వీధి మలుపు తిరక్కముందే ఎర్మతోవ్ బేరం మొదలుపెట్టాడు.