ఎండీగారి ముందుగది

శాంతికుమార్ ఉన్నచోట శాంతి ఉండదని అతని భార్య జెస్సీ పెళ్ళయిన వారానికే కనిపెట్టింది. ఉదయగిరిలో కోళ్ళఫారం పెట్టాడు, కోళ్ళు పోయాయి. ఫోటో స్టూడియో పెట్టాడు, ఫోటోల్లో తలలు పోయాయి. ఇప్పుడు జెస్సీ, మరికొందరు ఆడవాళ్ళు కలిసి చెక్కే కొయ్య స్పూన్లకు 'శాంతి ఇంటర్నేషనల్' అని బోర్డు తగిలించి, తాను ఎండీ అయ్యాడు. ఇంటర్నేషనల్ అంటే ప్రస్తుతానికి ఆత్మకూరు దాకా.

ఎండీగారికి ఒకటే కొరత, ఆఫీసుగది. ఇంట్లో ఉన్నదల్లా ఒక ముందుగది. పగలు అందులో స్పూన్లు చెక్కుతారు, బుధవారం సాయంత్రం స్త్రీల ప్రార్థన పెడతారు.

"ముందుగది నాకియ్యవే, తిరిగే కుర్చీ వేసుకుంటాను."

"మీరు తిరిగేదానికి కుర్చీ ఎందుకు? ఊరంతా ఉండాదిగా."

"కంపెనీకి ఎండీని నేను!"

"ఆ గది మీకిస్తే మీరు ఎండీ, మేము ఎండలో."

పెళ్ళాం దగ్గర మాట చెల్లని మగవాడు తెల్లవాడి మాట అరువు తెచ్చుకుంటాడు. విదేశాల్లో వ్యాపారం చదివే పిల్లలు జట్లుగా దేశాలు తిరుగుతూ, కొత్తగా పెట్టిన కంపెనీలకు ఉచితంగా సలహాలిస్తారని నెల్లూరులో ఎవరో చెప్పారు. చదువు పూర్తికాని వాళ్ళు, నడక రాని కంపెనీలకు పరుగు నేర్పుతారన్నమాట! అయితేనేం, ఉచితం. శాంతికుమార్ వెంటనే ఉత్తరం రాశాడు.

ఒక బుధవారం ముగ్గురు విదేశీ కుర్రాళ్ళు దిగారు. శాంతికుమార్ ఆత్మకూరు బస్టాండుకు ఎదురెళ్ళి, బస్సులో దారి పొడుగునా "ఎండీకి ముందుగది కావాలని సలహా రాయండి" అని చెవినిల్లు కట్టుకుని పోరాడు. వాళ్ళు అన్నిటికీ తలూపారు. తలూపడం వాళ్ళ చదువులో మొదటి పాఠమని అతనికి తెలియదు.

ఇంటికి రాగానే ఎండీగారు భోంచేసి గుర్రుపెట్టారు. సాయంత్రం లేచేసరికి ముందుగది ప్రార్థనకొచ్చినవాళ్ళతో కిటకిటలాడుతోంది. ఆ వీధిలో తెల్లమొహం కనిపిస్తే మిషనరీయే తప్ప మరొకరు కారు. "దొరలొచ్చినారు, వాక్యం చెప్తారంట!" అని పక్కింటి ఎస్తేరమ్మవ్వ వాడంతా చాటింది. పాస్టరయ్యగారు ముగ్గురికీ బంతిపూల దండలు వేసి, "దొరగారు సెలవిస్తారు, శాంతికుమార్ తెలుగు చేస్తాడు" అన్నారు.

దుబాసీ తానే! శాంతికుమార్ పొంగిపోయాడు.

ప్రతి పనికీ మనిషి ఉండాలన్నాడు పొడుగు కుర్రాడు. శాంతికుమార్ దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాడు. "ఆమెన్!" అన్నారంతా. ప్రతి మనిషికీ పని ఉండాలన్నాడు కుర్రాడు.

"ఈ ముందుగది ఎండీకి ఇయ్యాలంటున్నారు" అన్నాడు శాంతికుమార్.

ఎస్తేరమ్మవ్వ ఆమెన్ అనడానికి నోరు తెరవబోయింది. కూటంలో అందరూ ఆమెన్ అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఆ సంఘంలో లేదు. జెస్సీ గభాలున లేచింది.

"ఆగవ్వా! దొర ఆ మాట అన్లేదు. మనకు తెలిసేటట్టు బొమ్మే గీసినారు, అది చూసి చెప్పండి."

ఆమె సైగ చూసి కుర్రాడు సంబరంగా పెద్ద పటం విప్పాడు. ముందుగదిలో కొప్పున్న ఆడమనిషి అందరికంటే పైన కూర్చుంది. అట్టడుగున మీసాలాయన స్పూన్ల మూట మోస్తూ బస్సెక్కుతున్నాడు.

"పైనుండేది మన జెస్సీ. కింద మూట మోసేది ఎవరబ్బా?" అంది అవ్వ.

"ఎవరో కూలీవాడులే" అన్నాడు శాంతికుమార్.

కుర్రాడు మీసాలాయన మీద వేలుపెట్టి, అదే వేలు శాంతికుమార్ వైపు తిప్పి, భుజం తట్టాడు. వేలికి తెలుగు చేయాల్సిన పని లేకపోయింది.

"నాకు తెలీకుండా ఇదెప్పుడు చేసినావే?" పళ్ళు కొరికాడు శాంతికుమార్.

"మీరు గుర్రు పెడతుంటే, ఎవరెవరు ఏం చేస్తారని అడిగినారు. మిషన్ బళ్ళో నేర్చిన ఇంగ్లీషులో నిజం చెప్పినాను. మీ పనేందో నాకు తట్టలా. వాళ్ళే ఒకటి చూపించినారు."

"మంచి వాక్యం! ఆమెన్ అందామా?" అన్నారు పాస్టరయ్యగారు.

ఇల్లదిరిపోయింది.

"మీ గొంతు వినపళ్ళేదే?" అంది జెస్సీ. గది గదంతా అతని వైపు తిరిగింది.

"ఆమెన్" అన్నాడు శాంతికుమార్, నేల చూస్తూ.

ఆ ఒక్క మాట దొరలకు కూడా అర్థమైంది. కంపెనీవారు సలహా ఒప్పుకున్నారని ముగ్గురూ లేచి చప్పట్లు కొట్టారు.