తొంభై ఆరు సూర్యోదయాలు

ఉడికించిన వేరుశనక్కాయల గంపతో మొదటి బస్సెక్కి, ఎండ ముదిరేలోగా అమ్మేసి ఇల్లు చేరాలన్నది జయలక్ష్మమ్మ ఆలోచన. కర్ణాటకలోని పేరేసంద్ర దగ్గర, జనం సూర్యోదయం చూడవచ్చే కొండ మీద పదమూడేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. ఆ ఉదయం మాత్రం గేటు దగ్గర కొత్త బోర్డు వెలిసింది. కాపలా ఉన్న పునీత్ ఆమె వైపు చూడకుండా చదివి వినిపించాడు. సర్కారువారి కొత్త పర్యాటక విధానంలో చిల్లర వ్యాపారులకు చోటు లేదు. అమ్మదలచినవారు టెండరు వేసి అద్దాల కొట్టు పట్టాలి. డిపాజిట్టు ఎంతో విన్నాక ఆమె గేటు వైపు తిరిగింది. లోపలికి పోతున్న కార్లను కాసేపు చూసింది.

"టూరిస్టుల్నైతే పోనిస్తారా నాయనా?"

"టికెట్ ఉంటే ఎవురైనా పోవచ్చమ్మా."

పక్కింటి రంజిత ఫోన్‌లో టికెట్ తీసిచ్చింది. మర్నాడు జయలక్ష్మమ్మ గంప మాని, పెద్ద సంచితో పర్యాటకురాలై వచ్చింది. సంచిలో ఏముందని పునీత్ అడిగాడు.

"సద్ది."

"ఒక్కరికి ఇంత సద్దా?"

"కొండెక్కితే ఆకలి ఎక్కువవుతాది నాయనా."

పునీత్ ఒక దోసెడు కాయలు తీసుకుని దారిచ్చాడు. రోజూ సగం లాభం టికెట్‌కే పోయినా, ఆమెకు చోటు దక్కింది.

మూడు నెలలు దాటాక పర్యాటక కార్యాలయం నుంచి కన్నడంలో ఫోన్ వచ్చింది. ఆమె పేరు మీద తొంభై ఆరు టికెట్లున్నాయి, అన్నిసార్లు కొండకు ఎందుకు వచ్చారని ప్రశ్న. పట్టుబడ్డానని ఆమె అనుకుంది. సూర్యుడు పుట్టేది చూసేదానికని నోటికొచ్చింది చెప్పేసింది. నిజానికి గిరాకీలకు ఎదురుగా కూర్చునే ఆమెకు సూర్యుడెప్పుడూ వీపు వెనకే పుట్టేవాడు.

ఆ మాట ఫైలెక్కింది, ఫైలు పేపరెక్కింది, పేపరు ఆమెను చిక్కబళ్ళాపురంలో వేదిక ఎక్కించింది. అధికారి పురుషోత్తమ్ శాలువా కప్పి మైకు అందుకున్నాడు. మన విధానం పేదలను కొండ దింపేసిందని కొందరు గిట్టనివాళ్ళు అంటున్నారనీ, ఈ తల్లి చూసిన తొంభై ఆరు సూర్యోదయాలే వాళ్ళకు జవాబనీ అన్నాడు. చప్పట్లు ఆగాక ఆమెకు జీవితాంతం ఉచిత పాసు ప్రకటించి, ఇంకేమైనా కోరిక ఉందా అని అడిగాడు.

నిజం చెబితే పాసూ పోతుంది, పొట్టకూడూ పోతుంది. ఊరుకుందామంటే గేటు బయట ఎండలో ఆగిపోయిన తోటి చిల్లర వ్యాపారులు కళ్ళలో మెదిలారు. జయలక్ష్మమ్మ శాలువా సర్దుకుంది.

"నాతోటోళ్ళు ఇంగా పదకొండు మంది ఉండారు సామీ. వాళ్ళకూ సూర్యుడంటే పానం. టికెట్ కొనే తాహతు లేక గేటు బయటే నిల్చోని ఉండారు."

పురుషోత్తమ్ కళ్ళు చెమర్చాయి. అక్కడికక్కడే పదకొండు పాసుల మీద సంతకాలు పడ్డాయి.

మర్నాడు పన్నెండు మంది ప్రకృతి ప్రేమికులు జామకాయలు, మొక్కజొన్న కంకులు, టీ క్యాన్‌లతో బారులు తీరి కొండెక్కారు. పునీత్ పాసులు మాత్రమే చూశాడు.

వారం తిరక్కుండా అద్దాల కొట్టు కాంట్రాక్టరు బేరాలు లేవని ఫిర్యాదు చేశాడు. కొండకు పర్యాటకులు పెరిగారని కార్యాలయం అతనికి లెక్కలు పంపింది.