చలిగదిలో పెద్దావిడ

ఆ రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ భద్రంగారు తన కార్యక్రమం మొత్తం భర్తకు వివరించారు. భద్రంగారు అనేది ఆవిడ అసలు పేరు కాదు. పాత ఆసుపత్రిలో వైద్య చరిత్రకు సంబంధించిన గ్రంథాలయం ఒకటుంది. పాత పుస్తకాలు, కేసు కాగితాలు, సీసాలు, కత్తెర్లు, కట్టుచెక్కలు అన్నీ ఆవిడ చేతికిందే ఉంటాయి. ఎవరు ఏది ముట్టుకున్నా "భద్రం, భద్రం" అంటూ వెంటపడతారు కాబట్టి ఆసుపత్రి వాళ్లంతా కలిసి ఆ పేరు ఖాయం చేశారు. ఆవిడకు కూడా ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

"ఏవండీ, వింటున్నారా? ఇవాళ చలిగదిలోంచి బయటికి తీయించాలి. పురుగులన్నీ ఈపాటికి చచ్చే ఉంటాయి. వందేళ్లు దాటిన ఒళ్లు, గబుక్కున విప్పకూడదు. మెల్లగా చలి వదలాలి. మధ్యాహ్నం కమిటీ వాళ్లొచ్చేసరికి వాళ్ల ముందు పెట్టాలి."

"ఊఁ," అన్నాడు భర్త.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పెళ్లయిన కొత్తలో భార్య ఆసుపత్రి కబుర్లు శ్రద్ధగా వినేవాడు. తరవాత్తరవాత శ్రద్ధ పోయి ఊఁ మాత్రం మిగిలింది. ఆ ఊఁ పడాల్సిన చోట సరిగ్గా పడుతుంది కాబట్టి ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఎన్నడూ పట్టుబడలేదు.

భద్రంగారు చెప్పింది ఒక బొమ్మ గురించి. ఆసుపత్రి పెట్టిన కొత్తలో మంత్రసానులకు కాన్పు చేయడం నేర్పడానికి అప్పటి పెద్ద నర్సు ఒకావిడ గుడ్డతోనూ తోలుతోనూ కుట్టిన గర్భిణీ స్త్రీ బొమ్మ అది. మెడనుంచి మోకాళ్లదాకా నిజం మనిషంత ఉంటుంది. పొట్టలో గుడ్డ బిడ్డ ఉంటుంది, ఆ బిడ్డ తలమీద మాడు మెత్తగా ఉండేలా దూది కూరారు. ఆ రోజుల్లో కాన్పులన్నీ చీకటి గదుల్లో జరిగేవి. అందుకని నేర్చుకునేవాళ్ల కళ్లకు గంతలు కట్టి, వేళ్లతోనే చూడమని నేర్పేవారు. ఆసుపత్రి వరండాలో పెద్ద పెద్ద డాక్టర్ల పటాలు వేలాడుతూ ఉంటాయి గానీ, ఊళ్లో తల్లీబిడ్డలు బతికి బట్టకట్టింది ఈ తలలేని మనిషి పుణ్యమే అని భద్రంగారి లెక్క. అందుకే బొమ్మ అని ఎన్నడూ అనరు, పెద్దావిడ అంటారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మెడ కాస్త నిటారుగా అవుతుంది.

ఈమధ్య పెద్దావిడ కుట్లలోంచి సన్నటి పొడి రాలడం మొదలైంది. పురుగు పట్టింది. మందు కొడితే పాత గుడ్డ పాడవుతుంది. ఇలాంటప్పుడు ఈ వృత్తిలో వాళ్లు చేసేది ఒకటే. గాలి చొరకుండా ప్లాస్టిక్‌లో చుట్టి, గడ్డకట్టే చలిలో కొన్నాళ్లు పడేస్తారు. పురుగు చస్తుంది, వస్తువు బతుకుతుంది. కానీ మనిషంత వస్తువు పట్టే చలిపెట్టె ఆసుపత్రి మొత్తంలో మార్చురీలోనే ఉంది. అక్కడి పెద్దాయన మంచివాడు. "దానికేముందమ్మా, పెట్టుకోండి. మా దగ్గరికొచ్చినవాళ్లు పక్క అరలో ఎవరున్నారని అడగరు," అని పైన తెల్లదుప్పటి కూడా కప్పి పెట్టాడు. ఆ మర్నాడే ఆయన మోకాలి నొప్పికి సెలవు పెట్టాడు. వెళ్తూ వెళ్తూ బదులుకొచ్చినవాడికి, "కింది అరలో ఉన్నది లైబ్రరీ అమ్మగారిది. ఆవిడే వచ్చి తీసుకెళ్తారు, నువ్వు విప్పకు," అని అప్పగించాడు.

మార్చురీలో అప్పగించిన దాన్ని ఎవరైనా ఏమనుకుంటారో ఆ బదులువాడు కూడా అదే అనుకున్నాడు. జాలిగుండె మనిషి. రోజూ తలుపు సందులోంచి ఆ తెల్లదుప్పటి చూసి, "పాపం, పెద్ద వయసేమో, కుంగి ఇంతే అయింది. తీసుకెళ్లే దిక్కులేదు, అమ్మగారేమో కళ్లనీళ్లు దిగమింగుకుని డ్యూటీకొస్తోంది," అని నిట్టూర్చేవాడు. నిట్టూర్చి ఊరుకున్నా బాగుండేది. ఆ రోజు పొద్దున హెడ్ నర్సుతో అన్నాడు. హెడ్ నర్సుది బంగారంలాంటి చెయ్యి, ఆవిడ సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరు. కానీ నోట్లో నువ్వుగింజ నానదు. వార్డు ఒక చివరినుంచి రెండో చివరికి వెళ్లేలోగా విషయం ఆసుపత్రంతా పాకింది.

సంగతి తెలియని భద్రంగారి మనసంతా తన గదిమీదే ఉంది. కొత్తగా వచ్చే స్కానింగ్ మెషీను కోసం సూపరింటెండెంటు ఆ గదిమీద కన్నేశాడు. పాత సామానంతా మూటలు కట్టి గోడౌనులో పడేయాలా, ఉంచాలా అనేది మధ్యాహ్నం కమిటీ తేలుస్తుంది. గోడౌనంటే ఎలుకల రాజ్యం. అక్కడికి వెళ్లిన కాగితం తిరిగి వచ్చిన దాఖలా లేదు. పెద్దావిణ్ని కళ్లారా చూస్తే కమిటీ మనసు మారుతుందని ఆవిడ ఆశ.

గేటు దగ్గర వాచ్‌మన్ టోపీ తీసి నిలబడ్డాడు. "చాలా బాధగా ఉందమ్మా."

గది గురించేననుకున్నారు భద్రంగారు. "ఇంకా ఏమీ తేలలేదయ్యా. అప్పుడే బాధెందుకు?"

లోపల హెడ్ నర్సు ఎదురొచ్చి గట్టిగా కావలించుకుంది.

"ధైర్యంగా ఉండండి అక్కా. అందరం ఏదో ఒకరోజు పోవాల్సినవాళ్లమే."

"అందరూ పోతే పోండి, నేను కదలను. గోడౌనుకి పంపితే ఎలుకలు పీక్కుతింటాయి. నేనుండగా అలా జరగనిస్తానా?"

హెడ్ నర్సు గుండెమీద చెయ్యేసుకుని తిన్నగా సూపరింటెండెంటు గదికి పరిగెత్తింది.

ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇంట్లో అంత కష్టం పెట్టుకున్న మనిషికి గది ఖాళీచేయమని నోటీసిచ్చానే అని నొచ్చుకున్నాడు. భద్రంగారిని పిలిపించి, మంచినీళ్లిచ్చి, మెత్తగా మొదలుపెట్టాడు.

"ఇవాళ మీరు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండమ్మా. కమిటీ సంగతి నేను చూసుకుంటాను."

భద్రంగారికి ఒళ్లు మండింది. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. "నేనెక్కడికీ వెళ్లను సార్. చలిగదిలో ఉన్న పెద్దావిణ్ని ఇవాళ కమిటీ ముందు పెట్టి తీరతాను."

"కమిటీ... ముందా?"

"అవును. ఆ తరవాత గాజు బీరువాలో పెడతాను. బడిపిల్లలొచ్చి చూడాలి. పొట్టలో బిడ్డ ఎలా ఉంటుందో చెయ్యిపెట్టి తెలుసుకోవాలి."

సూపరింటెండెంటు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఆయన వచ్చి ఏళ్లు గడిచినా ఆ గ్రంథాలయంలో అడుగుపెట్టిన పాపాన పోలేదు, బొమ్మ ఉందన్న సంగతే తెలియదు. దుఃఖం మనిషి మెదడును ఇంత పనిచేస్తుందా అనుకుని, ఆవిడ బయటికి వెళ్లగానే భర్తకు ఫోన్ చేశాడు.

"పెద్దావిడ పోయి ఇన్నాళ్లయింది, మీరైనా మాకో మాట చెప్పాల్సిందండీ."

గడియారాల ఆయన చేతిలోంచి పట్టకారు జారింది. ఏ పెద్దావిడ? పొద్దున భార్య ఏదో చెప్పింది. చలిగది అంది, వందేళ్లంది, పురుగులని కూడా అన్నట్టుంది. తను ఊఁ అన్నాడు. ఆవిడ తరఫున ఏ ముసలమ్మో కన్నుమూసి ఉండాలి. ఎవరని అడిగితే ఇన్నేళ్ల ఊఁ బండారం బయటపడుతుంది.

"ఏం చేస్తామండీ," అన్నాడు గొంతు బరువు చేసుకుని. "వందేళ్లు దాటాయి."

"మీ ఆవిడ తట్టుకోలేకపోతున్నారు. ఆవిడకి చెప్పకుండా ఇవాళే కానిచ్చేద్దాం. ఆసుపత్రి వ్యాన్ నేను ఏర్పాటు చేస్తాను."

"మీరెలా అంటే అలా."

ఆయన కొట్టు మూసి, కనిపించిన పూలకొట్లో అన్నిటికెల్లా పెద్ద దండ కొని, కొత్త జేబురుమాలు ఒకటి జేబులో పెట్టుకుని బయల్దేరాడు. ఎవరు పోయారో తెలియకపోయినా కళ్లల్లో నీళ్లు మాత్రం నిజంగానే తిరిగాయి. అవి ఆ పోయినావిడకోసమో తనకోసమో ఆయనకే తెలియాలి.

భద్రంగారు గాజు బీరువా తళతళలాడేలా తుడిచి, తోపుడుబండి తోసుకుంటూ మార్చురీకి వెళ్లేసరికి కింది అర ఖాళీగా ఉంది.

"ఏదీ?"

బదులువాడు చేతులు కట్టుకున్నాడు. "వ్యానులోకి ఎక్కించారమ్మా. మీవారే పంపించేయమన్నారట. ఎంత తేలిగ్గా ఉన్నారో పాపం, ఇద్దరం సరిపోయాం. శ్మశానంలో అంతా సిద్ధంగా ఉందంట."

తోపుడుబండి అక్కడే వదిలేసి, చెప్పులు చేతబట్టుకుని ఆవిడ గేటువైపు పరిగెత్తారు. శ్మశానం! నిప్పు తగిలితే ఆ పాత గుడ్డ, తోలు ఎంతసేపు? వందేళ్ల చదువు గుప్పెడు బూడిదవుతుంది. పరిగెడుతూ ఆవిడ ఏడ్చారు. దాంతో దారి పొడవునా నిలబడ్డ నర్సులు కూడా ఏడ్చారు.

గేటు దగ్గర ఆసుపత్రి మొత్తం బారులు తీరి ఉంది. వ్యాను బయటికి పోబోతుంటే కమిటీ వాళ్ల కారు లోపలికి రాబోయింది, రెండూ ఎదురెదురుగా ఆగాయి. భద్రంగారు వ్యాను వెనక తలుపు తీసి, తెల్లదుప్పటి మూటను రెండు చేతులా వాటేసుకున్నారు.

"నన్ను చంపి తీసుకెళ్లండి!"

భర్త దండతో సహా ముందుకొచ్చాడు. "ఊరుకోవే. ఒక్కసారి ముఖం చూసి పంపించేద్దాం."

"ముఖమెక్కడిదండీ? దీనికి తలే లేదు!"

బారులు తీరిన జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. ఎవరో ప్లాస్టిక్ అంచు మీద చెయ్యి వేశారు.

"విప్పొద్దు! చలి వదలకుండా విప్పితే చెమ్మపట్టి కుళ్లిపోతుంది!"

కమిటీ అధ్యక్షురాలు కారు దిగింది. కాన్పుల డాక్టరుగా పేరు తెచ్చుకుని రిటైరయిన మనిషి. నవ్వగా చూసినవాళ్లు లేరు. "ఎవరు పోయారు?" అని అడిగింది.

సూపరింటెండెంటు భర్తవైపు చూశాడు. భర్త దండవైపు చూశాడు. భద్రంగారు మూటను వదలకుండానే, రొప్పుతూ, మొదటినుంచీ అంతా చెప్పారు. కుట్టిన నర్సమ్మ గురించి, గంతలు కట్టుకుని నేర్చుకున్న మంత్రసానుల గురించి, పురుగు గురించి.

"బొమ్మా?" అన్నాడు సూపరింటెండెంటు. మెడదాకా ఎర్రబడ్డాడు. "బొమ్మకోసం వ్యాను, సెలవు, సంతాపం... ఇందుకేనమ్మా ఆ గది మూసేయాలనేది!"

అధ్యక్షురాలు ఆయన మాట పట్టించుకోలేదు. చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, దుప్పటి పక్కకు తీసి, ప్లాస్టిక్ పైనుంచే పొట్టమీద రెండు అరచేతులూ ఆనించింది. కళ్లు మూసుకుంది. మెల్లగా ఒకసారి అటు, ఒకసారి ఇటు అదిమింది.

"బిడ్డ అడ్డం తిరిగింది," అంది.

వ్యాను డ్రైవరు మడ్‌గార్డు పట్టుకుని కింద కూర్చున్నాడు.

"నిజమా అండీ?" భద్రంగారు మూటమీదికి వంగారు. ఇన్నేళ్లు దుమ్ము దులిపారు గానీ, పొట్టలో బిడ్డ ఎలా ఉందో చేత్తో చూడడం ఆవిడకు రాదు.

"ఎవరో పంతులమ్మ చివరిసారి కష్టమైన కాన్పు నేర్పడానికి ఇలా పెట్టి ఉంటుంది. పాఠం మధ్యలో ఆగిపోయింది." అధ్యక్షురాలు చేతులు తీయలేదు. "ఎంత బాగా కుట్టిందమ్మా! భుజమెక్కడో, వీపెక్కడో అన్నీ తెలుస్తున్నాయి. నాకు ఈ పాఠం నేర్పినవాళ్లు ఇంత బాగా నేర్పలేదు."

చలి వదిలేదాకా ఆగుదామంది అధ్యక్షురాలే. అంత్యక్రియలకని వచ్చిన జనం ఒక్కరూ కదల్లేదు. అందరూ ఆ చిన్న గదిలోకీ, వరండాలోకీ, కిటికీ చువ్వల దగ్గరికీ చేరారు. ఎదురుచూస్తున్నంతసేపు భద్రంగారు బీరువాలు తెరిచి ఒక్కొక్కటీ చూపించారు. ఇది మన ఆసుపత్రిలో మొదటి మత్తుమందు ముసుగు, ఇది మన చేతిలో బతికిన నెలలు నిండని పిల్లల ఉయ్యాల. మన, మన అని ఆవిడ అంటుంటే, ఇన్నాళ్లూ ఆ తలుపు ముందునుంచే నడిచిపోయిన వాళ్లు కూడా కాసేపటికి మన అనడం మొదలుపెట్టారు. సూపరింటెండెంటు ఆ ఉయ్యాల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

సాయంత్రం ప్లాస్టిక్ విప్పారు. ఒక్క పురుగు కూడా మిగల్లేదు. భర్త తెచ్చిన కొత్త జేబురుమాలుతో హెడ్ నర్సు కళ్లకు గంతలు కట్టారు. ఆవిడ నోరు మూసుకుని ఉండడం ఆసుపత్రి మొట్టమొదటిసారి చూసింది. వేళ్లు వెతికాయి, పాదం దొరికింది, మెల్లగా మెల్లగా బిడ్డను సర్దింది. గుడ్డ బిడ్డ బయటికి వచ్చేసరికి గది మొత్తం చప్పట్లతో మోగిపోయింది. భద్రంగారు ఆ బిడ్డను రెండు చేతుల్లోకీ తీసుకుని, "భద్రం" అనడం కూడా మరిచిపోయి ఏడ్చేశారు. భర్త ఆవిడ పక్కనే నిలబడి, దండ ఏంచేయాలో తెలియక పెద్దావిడ మెడలో వేశాడు.

"గోడౌను మాట ఇంకెవరూ ఎత్తకండి," అంది అధ్యక్షురాలు. "నర్సింగ్ పిల్లల మొదటి పాఠం ఇకమీదట ఇక్కడే. అసలు ఇంత చరిత్రకి ఈ గది సరిపోదు. ఇది మెషీనుకిచ్చేసి, వీటికి పెద్ద హాలు చూడండి."

హాలు వెతకడానికి ఎవరూ కష్టపడలేదు. పెద్దది ఒకటి ఖాళీగానే ఉంది, మార్చురీ పక్కనున్నది కాబట్టి ఇన్నేళ్లుగా దానికి పోటీయే లేదు.