పవిత్రజలం పడిన తెర

శనివారం పొద్దున్నే డోరినెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగేలోపు కారు తెరకు రుమేనియన్ మాట్లాడే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. తర్వాత ఆర్థడాక్స్ చర్చి ఫాదర్ ఎఫ్తిమియె వచ్చి కారును దీవిస్తాడు. మధ్యాహ్నం అదే కారులో పెళ్ళికూతురిని ఎక్కించుకుని ఊరేగింపుకు ముందు నడవాలి. పెళ్ళికొడుకు రారెష్‌కు పెళ్ళిపెద్ద అతనే మరి. జర్మనీలో ఎవరో వాడి అమ్మేసిన కారు కావడంతో అది దారి చెప్పినా గద్దించినా జర్మన్‌లోనే. పెళ్ళికూతురి ముందు పరువు పోతుందని అతని బెంగ.

మెకానిక్‌కు చూపించమని భార్య అగ్లాయా వారం నుంచి పోరుతూనే ఉంది. ఈపాటి పనికి ఇంకొకడెందుకని డోరినెల్ ఇంట్లోనే కాదు, వీధంతా చెప్పుకుని తిరిగాడు. పెన్‌డ్రైవ్ పెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాడు. పని పూర్తయ్యేదాకా ఇంజన్ ఆపవద్దని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. జర్మనే అయినా ఆ మాత్రం అతనికి అర్థమైంది.

ఫాదర్ చెప్పిన వేళకంటే ముందే వచ్చేశాడు. ఆయన వెనకే, ఏ దీవెనా వదలని పక్కింటి వెతూరియా, తమ కార్లకూ దీవెన కావాలని ఇంకో నలుగురూ చేరారు. ఆనవాయితీ ప్రకారం కారు తలుపులు, బానెట్, డిక్కీ అన్నీ బార్లా తెరిచారు. ఫాదర్ ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన గొంతు కంటే ఇంజన్ గొంతే పెద్దదిగా ఉంది.

"దేవుడి మాట వినబడకుండా ఏమిటయ్యా ఈ మోత?" అంది వెతూరియా.

డోరినెల్‌కు చెమటలు పట్టాయి. అందరూ తలలు వంచిన సమయం చూసి, చెయ్యి లోపలికి పెట్టి కీ తిప్పేశాడు. తెర నల్లబడింది. సరిగ్గా అప్పుడే ఫాదర్ తులసి రెమ్మల కట్టను పవిత్రజలంలో ముంచి కారులోకి ధారాళంగా చల్లాడు.

"అయ్యో ఫాదర్, నీళ్ళు పడి తెర ఆరిపోయింది," అంది అగ్లాయా తలెత్తి.

ఆపింది నేనేనని చెప్పడానికి డోరినెల్ నోరు తెరిచాడు. వీధంతా కొట్టుకున్న గొప్పలు గుర్తొచ్చి మూసుకున్నాడు.

ఫాదర్ ముఖం పాలిపోయింది. అంగీ చేతితో తెర తుడిచి, ఉఫ్ఫుమని ఊది చూశాడు. "నా చెయ్యి కాస్త బరువు నాయనా. మా ఆవిడ చెబుతూనే ఉంటుంది," అన్నాడు. ఈ ఏడు తన తేనెపెట్టెల్లో వచ్చిన తేనెంతా అమ్మయినా బాగు చేయిస్తానన్నాడు. డోరినెల్ ఫరవాలేదన్నాడు. పెద్దమనసుతో క్షమించేశాడు కూడా.

వెతూరియా ఊరుకుంటుందా? కబురు వీధి చివరిదాకా పాకింది. దీవెన కోసం వరుసలో ఉన్న ఒకాయన కారు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇంకొకాయన తన కారు తెరకు పాలిథిన్ సంచి చుట్టి తెచ్చాడు. ఇకమీదట చక్రాలకు మాత్రమే చల్లుతానని ఫాదర్ నీరసంగా అన్నాడు. డోరినెల్ చెవులు కాలిపోతున్నాయి. ఆ ముసలాయన ముఖం చూడాలంటే సిగ్గేసి, బానెట్‌లోకి తలదూర్చి లేని పనేదో చేస్తున్నాడు.

అంతలో రారెష్ సూటు వేసుకుని, బాజా వాళ్ళను వెంటబెట్టుకుని పెళ్ళిపెద్దను పిలవడానికి వచ్చాడు. వాకిలి నిండిపోయింది. ఫాదర్ అందరిలోంచి ముందుకొచ్చి, "తప్పు నాదే బాబూ. పెళ్ళిపెద్ద కారు నేనే పాడుచేశాను," అన్నాడు.

ఇక డోరినెల్ వల్ల కాలేదు. "ఫాదర్, అసలు జరిగిందేమిటంటే..." అంటూ బానెట్‌లోంచి తల బయటపెట్టాడు. ఈలోపే రారెష్ కారులో కూర్చుని కీ తిప్పాడు. తెర వెలిగింది. భాష వరకు అప్పటికే ఎక్కినట్టుంది, చక్కటి రుమేనియన్‌లో, వీధంతా మారుమోగేలా కారు మాట్లాడింది.

"అప్‌డేట్ జరుగుతుండగా డ్రైవర్ ఇంజన్ ఆపేశారు. మళ్ళీ మొదలుపెడుతున్నాం. దయచేసి ఈసారి ఆపకండి."

బాజా ఆగిపోయింది.

"నేనూ అదే చెప్పబోతున్నాను," అన్నాడు డోరినెల్. కట్టుకున్న భార్య కూడా నమ్మలేదు.

ఫాదర్ సంచిలోంచి తులసి కట్ట మళ్ళీ తీశాడు. తీరిగ్గా నీళ్ళలో ముంచి, ఈసారి డోరినెల్ నెత్తిన బరువుగా చల్లాడు.

"ఇన్నేళ్ళలో ఎన్ని కార్లను దీవించానో నాయనా. పాపం ఒప్పుకున్న కారును చూడటం మాత్రం ఇదే మొదలు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఊరేగింపులో దారి పొడవునా మాట్లాడింది కారే. డోరినెల్ నోరు విప్పలేదు.