కంఠహత్యా ప్రయత్నం, వయా కారు ఏసీ

"ఈ హైదరాబాదులో ముక్కులు కోటి ఉండొచ్చు రవళీ. ఆలోచించే ముక్కు మాత్రం ఒక్కటే ఉంది," అని భుజంగరావు చూపుడువేలితో తన ముక్కు తట్టి చూపించాడు. వెంటనే ఫెడేల్మని తుమ్మాడు.

ఆ ముక్కుకి ఏడాది పొడుగునా జలుబే. మల్లెపూలకీ మురిక్కాలవకీ తేడా తెలియని ముక్కది. ఆ సంగతి రవళికి తెలుసు, ఆమె మొగుడు ప్రమోద్‌కి తెలుసు, అమీర్‌పేటలో వాళ్ళ గల్లీ కుక్కలక్కూడా తెలుసు. అయినా రవళి నోరు మెదపలేదు. భుజంగరావు ప్రమోద్‌కి అన్నయ్య, అంటే ఆమెకి బావగారు. బావగారిని పట్టుకుని 'మీరొక మొద్దు' అనడానికి ఏ మరదలికీ నోరు రాదు. మనసులో అనుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు కాబట్టి, కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ పని శ్రద్ధగా చేస్తోంది.

ఏదో ప్రభుత్వాఫీసులో రిటైరైన భుజంగరావు ఊరికే కూర్చోలేక డిటెక్టివ్ కోర్సు చేశాడు. అమీర్‌పేటలో దొరకని కోర్సంటూ లేదు కదా. మొదటి అంతస్తులో జావా, దానిపైన పైథాన్, ఆ పైన రేకుల షెడ్డులో నేర పరిశోధన. వారం తిరిగేసరికి చేతిలో సర్టిఫికెట్ పెట్టి, భూతద్దం బహుమతిగా ఇచ్చి పంపించారు. సర్టిఫికెట్ హాల్లో దేవుడి పటం పక్కన వేలాడుతోంది. భూతద్దం ఆయన చొక్కా జేబులోంచి బయటికి తొంగిచూస్తూ ఉంటుంది.

ఇంతకీ కేసేమిటంటే, వాళ్ళ కారులో ఏసీ వేస్తే వాసన. తడి గోనెసంచిని మూల పడేసి మరిచిపోతే వచ్చే ముక్కిపోయిన వాసన. దసరా వెళ్ళాక పట్టుకున్న వానల్లో మొదలైంది. ఉత్త వాసనే అయితే రవళి భరించేదే. కానీ ఆ గాలికి దగ్గు పట్టుకుంది. సోమాజిగూడలో ఆఫీసు చేరేసరికి గొంతు బొంగురుపోతోంది.

ఆమె పనిచేసేది ఒక టీవీ ఛానెల్లో. ఏళ్ళ తరబడి వార్తలు రాస్తోంది. ఆమె రాసినవి వేరేవాళ్ళు చదువుతారు, పేరు వాళ్ళకొస్తుంది. ఇన్నాళ్ళకి ఆమెనీ చదివి చూపించమన్నారు. శుక్రవారం కెమెరా ముందు పరీక్ష. పోటీలో ఉన్నది ఆమె, తనతో పనిచేసే సంహిత, అంతే. దొండకాయలు తరుగుతూ కూడా 'ముఖ్యాంశాలు' చదువుకునే మనిషి రవళి. ఈ అవకాశం పోతే మళ్ళీ రాదని ఆమెకి తెలుసు. పోనీ ఆటోలో వెళ్దామా అంటే పంజాగుట్ట పొగ ఇంకా ఘోరం. ఒకరోజు ప్రయత్నించి, సాయంత్రం దాకా సైగలతో మాట్లాడింది.

పంజాగుట్టలో కారు ఏసీలు బాగుచేసే ఇద్రీస్ ఉన్నాడు. అతనూ తక్కువ తినలేదు. "ఫిల్టర్ ఖరాబైంది మేడం, మారిస్తే ఖతం," అని మార్చాడు. వాసన పోలేదు. "జర సెంటు పెట్టిన, మస్తుంటది," అని మల్లెపూల సెంటు సీసా బిగించాడు. అప్పట్నుంచీ ముక్కిపోయిన మల్లెపూల వాసన రాసాగింది. "మల్లొకపారి తీస్కరాన్రి, అంత ఇప్పి చూస్త," అన్నాడు. తీసుకెళ్ళేదే. ఈలోగా భుజంగరావు కేసు చేపట్టాడు.

"కారుని ఎవరూ ముట్టుకోకూడదు. అది సంఘటనా స్థలం!" అంటూ బట్టలారేసే తాడు ఊడదీసి కారు చుట్టూ కట్టాడు. ఉతికిన బట్టలు నేలపాలయ్యాయి.

"మరి నేను ఆఫీసుకెలా వెళ్ళాలి బావగారూ?"

"సంఘటనా స్థలంలోనే వెళ్ళు. నేను నడుపుతాను. నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోకు."

"ఒక్కసారి ఇద్రీస్‌కి చూపిస్తే..."

"ఇద్రీస్!" భుజంగరావు కళ్ళు చికిలించాడు. "వాసన పోగొట్టమంటే వాసన పెంచిందెవరు? అనుమానితుడి చేతికే సాక్ష్యం అప్పగిస్తామా?"

"అతనే చేశాడంటారా?"

"అతనొక పావు మాత్రమే. వెనక పెద్ద తలకాయ ఉంది. శుక్రవారం నీ గొంతు పోతే లాభమెవరికి?"

"సంహితకి. అయినా తను అలాంటి..."

"అదీ సంగతి! ఇది వాసన కాదమ్మా, కంఠహత్యా ప్రయత్నం! ఒకటి గుర్తుపెట్టుకో. నేరస్థుడు ఎప్పటికైనా సంఘటనా స్థలానికి తిరిగొస్తాడు. అక్కడే దొరికిపోతాడు," అని మళ్ళీ తుమ్మాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర రవళి మొగుడితో మొర పెట్టుకుంది. "అన్నయ్య అంత గట్టిగా చెప్తున్నాడంటే ఏదో ఉండే ఉంటుంది," అని ప్రమోద్ ఫోనులో తల దూర్చాడు. ఆ వంశంలో తెలివి ఎవరి వాటాకీ రాకుండా ఎలా జాగ్రత్తపడ్డారో రవళికి అంతుపట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం సంహిత ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"రవళీ, రోజూ నిన్ను కారులో దింపే పెద్దాయనకి మీసం ఉందా?"

"లేదే. మా బావగారికి మీసం లేదు."

"ఇవాళ పొద్దున ఉంది. మా హాస్టల్ ముందు పైథాన్ కోర్సు కాగితాలు పంచుతూ, నా బ్యాగులో ముక్కు పెట్టి వాసన చూశారు. చూసి తుమ్మారు. మీసం ఎగిరొచ్చి నా టిఫిన్ డబ్బా మీద పడింది. 'విషం ఎక్కడ దాచావ్' అని నన్నే గద్దించారు."

రవళికి తల కొట్టేసినట్టయింది. సారీ చెప్పబోతే మాటకి బదులు దగ్గు వచ్చింది.

"పరీక్ష అయ్యేదాకా ఆగుతాను," అంది సంహిత. "ఆ తర్వాత మాత్రం పైవాళ్ళకి ఫిర్యాదు చేస్తాను. నీ మీద కోపం లేదు. ముందు ఈ లవంగం బుగ్గన పెట్టుకో, ఆ గొంతేంటి అలా ఉంది?"

ఫిర్యాదు వెళ్తే ఇక గొంతు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. సాయంత్రం కారెక్కాక ఆ లవంగాన్ని కూడా భుజంగరావు లాక్కున్నాడు. "సంహిత ఇచ్చిందా? విషం!" అని రుమాలులో మూటకట్టి భద్రం చేశాడు. రవళి దారంతా దగ్గుతూనే ఇల్లు చేరింది. ఏడుపొచ్చింది కానీ, ఏడిస్తే గొంతు ఇంకా పాడవుతుందని ఆపుకుంది.

గురువారం సాయంత్రానికి ఆమె ఓపిక అయిపోయింది. "బావగారూ, పంజాగుట్టలో కారు పక్కకి తిప్పండి. ఇద్రీస్ దగ్గరికి," అంది. ఆయన ఒప్పుకుంటాడని అనుకోలేదు. ఆయనేమో ఉత్సాహంగా, "అనుమానితుణ్ణి ముఖాముఖి విచారించే వేళయింది!" అని బండి తిప్పాడు.

షాపు ముందు కారు ఆపీ ఆపగానే తనే బానెట్ ఎత్తాడు. ఇద్రీస్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నువ్వు దూరంగా ఉండు. సాక్ష్యాలు నేను సేకరిస్తాను," అని భుజంగరావు ఇంజను మీదికి వంగాడు. వంగి తుమ్మాడు. జేబులోని భూతద్దం ఎగిరి, ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరున్న నల్ల జాలీ పక్క సందులో పడిపోయింది.

డిటెక్టివ్‌కి భూతద్దం పోతే ఇంకేముంది. ఆ సందులోకి చెయ్యి దూర్చాడు. మోచేతి దాకా పోయింది. తిరిగి రాలేదు.

"రవళీ, దర్యాప్తు కీలక దశకి చేరింది," అన్నాడు కాసేపటికి. "కానీ చెయ్యి రావడం లేదు."

"గట్ల గుంజకున్రి పెద్దసారూ, తోలు లేస్తది," అన్నాడు ఇద్రీస్.

"ఇది నువ్వు పన్నిన ఉచ్చు!"

"నేనేడ పన్నిన? మీ చెయ్యి మీరే పెట్టుకున్నరు. చెయ్యి కదపకున్రి, జాలీ ఇప్పుత."

రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూస్తుండగా ఇద్రీస్ వైపర్లు ఊడదీసి, జాలీ పైకెత్తాడు. చెయ్యి వచ్చింది. చెయ్యితోపాటు భూతద్దం రాలేదు. నల్లగా, నీళ్ళోడుతున్న ముద్ద ఒకటి వచ్చింది. ఆ వాసనకి చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుని వెనక్కి తగ్గారు. ఆలోచించే ముక్కుకి మాత్రం ఏమీ తెలియలేదు.

"దొరికింది! విషపు మూట!" అని భుజంగరావు దాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని మరీ చూశాడు.

ఇద్రీస్ స్క్రూడ్రైవరుతో ముద్దని విడదీశాడు. బంతిపూల దండ. మామిడాకులు. కుంకుమ అంటిన కుళ్ళు నిమ్మకాయ.

"ఏసీకి బయటి గాలి గీడికెల్లే పోతది మేడం. గీ పూలు కుళ్ళి, నీళ్ళు పోయే తొర్ర బంద్ అయింది. వాన నీళ్ళన్నీ గీడనే నిలిచి బూజు పట్టినయ్. ఎవరో మంచిగ లోపలికి కుక్కిండ్రు."

రవళికి దసరా కళ్ళముందు కదిలింది. ఆ రోజు కారుకి పూజ చేసింది భుజంగరావే. మర్నాడు వాడిన పూలు తీసి మొక్కల్లో వేస్తానని ఆమె అంటే, "నిర్మాల్యమమ్మా, ఎవరి కాలికిందైనా పడితే మహాపాపం. ఎవరూ తొక్కని చోట నేను పెడతాను," అని ఆయనే పట్టుకెళ్ళాడు.

"బావగారూ, దసరా పూలు ఎక్కడ పెట్టారు?"

"ఎవరూ తొక్కని చోట పెట్టాను."

"అంటే ఎక్కడ?"

భుజంగరావు తన చేతిని చూశాడు, ఆ సందుని చూశాడు, మళ్ళీ చేతిని చూశాడు. మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ వెంటనే వెలిగిపోయింది.

"నేను పెట్టినవి పచ్చటి పూలు. ఇవి నల్లటివి. కాబట్టి ఇవి వేరే పూలు!"

ఇద్రీస్ రవళి వంక చూశాడు. రవళి ఆకాశం వంక చూసింది.

ఇద్రీస్ ఆ తొర్ర కడిగి, లోపల ఏసీకి నురగ మందు కొట్టి తుడిచి, ఫిల్టర్ మళ్ళీ మార్చాడు. అద్దాలు దించి, ఫ్యాను చాలాసేపు తిప్పి అంతా ఆరబెట్టాడు. "రేపటిసంది ఇల్లు దగ్గరికి రాంగనే ఏసీ బంద్ జేసి ఉత్త ఫ్యాన్ తిప్పున్రి, తేమ నిల్వది," అని చెప్పి, తన సెంటు సీసా తనే గుట్టుగా తీసేసుకున్నాడు.

శుక్రవారం రవళి అద్దాలు ఎత్తించి ఏసీ వేయించింది. ఉత్త చల్లగాలి. పంజాగుట్ట దాటారు, సోమాజిగూడ వచ్చింది, దగ్గు రాలేదు. భుజంగరావు రిసెప్షన్లో కూర్చున్నాడు. స్టూడియోలో ఏం రికార్డవుతున్నా అక్కడి టీవీలో కనిపిస్తుంది.

"ముందు మీకు నచ్చిన లోకల్ వార్త ఒకటి, సొంతంగా చెప్పండి," అన్నాడు డైరెక్టరు.

రవళి కెమెరా వంక చూసింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ గొంతులో ఆగిపోయినవన్నీ వరసకట్టి నిలబడ్డాయి.

"నమస్కారం. అమీర్‌పేటలో ఒక కుటుంబాన్ని వేధిస్తున్న కారు వాసన మిస్టరీ వీడింది. దేవుడి పూలు ఎవరూ తొక్కకూడదన్న భక్తితో, కారు గాలి పీల్చుకునే చోట వాటిని కుక్కిన ఒక పెద్దమనిషి, ఆ వాసన గుట్టు విప్పుతానంటూ తనే రంగంలోకి దిగారు. అమాయకురాలైన యువతినీ, ఒక మెకానిక్‌నీ అనుమానించి, చివరికి అదే సందులో చెయ్యి ఇరికించుకుని పట్టుబడ్డారు. నిందితుడి ముక్కు పనిచేయదని స్థానికులు చెబుతున్నారు. మెదడు సంగతి ఇంకా తెలియాల్సి ఉంది."

గొంతు ఎక్కడా వణకలేదు, బొంగురుపోలేదు. కెమెరామన్ నవ్వాపుకోలేక అవతలికి తిరిగాడు. ఆ తర్వాత ఇచ్చిన వార్తలన్నీ నీళ్ళు తాగినంత సులువుగా చదివేసింది. బయటికొస్తుంటే సంహిత ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు చదివాక ఇక నేను చదవడమెందుకులే. ఫిర్యాదు కూడా అక్కర్లేదు, అంతకంటే బాగా ఎవరు రాస్తారు?" అంది. సోమవారం నుంచి ఉదయం వార్తలు రవళివేనని డైరెక్టరు చెప్పాడు.

రిసెప్షన్లో భుజంగరావు నిలబడి ఉన్నాడు, మొహం ఎర్రబడి. అయిపోయింది, విన్నారు, అనుకుంది రవళి. భయం వేయకపోవడం ఆమెకే వింతగా అనిపించింది.

"విన్నానమ్మా, అంతా విన్నాను!" ఆయన గొంతు తగ్గించాడు. "అచ్చం మన కేసే! అంటే ఇది ఒక్కడి పని కాదు. కార్లలో పూలు కుక్కే ముఠా తిరుగుతోంది!"

రవళి తాళాలు ఆయన చేతిలోంచి తీసుకుని, ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, తనే స్టీరింగు ముందు కూర్చుంది. ఏసీ వేసింది. ఏ వాసనా లేని గాలి మొహానికి చల్లగా తగిలింది.

వెనకనుంచి భుజంగరావు ముఠా నాయకుడి ఆనవాళ్ళు చెబుతున్నాడు. "వయసు మళ్ళినవాడు. దైవభక్తి జాస్తి. పనీపాటా లేదు. తెలివి సున్నా."

"సరిగ్గా పట్టేశారు బావగారూ," అంది రవళి.