మణికట్టుకు రెండో కట్టు

ఆ జిల్లాలో ఎముకలు ఎప్పుడు కావాలంటే అప్పుడు విరగవచ్చు గానీ, అతుక్కోవాలంటే మాత్రం ఎముకల కార్యాలయం నుంచి ఉత్తర్వు రావాలి. ఉత్తర్వు అందాక పేషెంటు విరిగిన చోటికి వినబడేలా దాన్ని పైకి చదవాలి. ఎముక వింటుంది, అతుక్కుంటుంది. ఎముకలు పాపం బుద్ధిమంతులు, కాగితంలో ఉన్న మాట జవదాటవు.

బోర్డులు రాసే దేవదానం ఒక మిఠాయి కొట్టు పేరు రాస్తూ నిచ్చెన మీంచి జారి, కుడి అరచెయ్యి ఆనించి పడ్డాడు. డాక్టర్ షమీమ్ అతని బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో వేలు పెట్టి నొక్కింది. దేవదానం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పడవలా ఉండే చిన్న ఎముకండీ ఇది. దీనికి రక్తం చాలామటుకు ఒక పక్కనుంచే వస్తుంది. కదిలితే అతకదు, ఆలస్యమైతే చెయ్యి బిగుసుకుపోతుంది. బొటనవేలితో సహా కట్టు కట్టాలి. మీరు ముందు పర్మిషన్ తెచ్చుకోండి," అంది డాక్టరమ్మ.

మన అక్షరాలన్నీ గుండ్రాలే. చెయ్యి తిరగకపోతే దేవదానం 'అ' కూడా రాయలేడు, ఇక ఆ బతుకేం బతుకు?

కార్యాలయంలో మణికట్టు సీటు శేషకుమారిగారిది. మంచి మనిషి. ఎక్స్‌రేని కిటికీకేసి పట్టి చాలాసేపు చూసింది.

"ఇందులో విరగలేదు కదండీ."

"ఈ ఎముక విరిగినా మొదటిసారి కనపడకపోవచ్చంటమ్మా. రెండు వారాలాగి మళ్లీ తీయాలంట."

"అయితే రెండు వారాలాగాకే విరిగినట్టు రాసుకుంటా. అప్పటిదాకా మీకేం కాలేదు. హాయిగా ఉండండి."

దేవదానం చెక్క బద్ద కట్టుకుని, రెండు వారాలు ఏమీ కానట్టే గడిపాడు. రెండో ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత కనిపించింది. శేషకుమారి ముఖం విప్పారింది. "అభినందనలండీ, విరిగింది," అని సీటులోంచి లేచి మరీ చెప్పింది. పక్క సీట్లవాళ్లు కూడా సంతోషించారు. తర్వాత ఆమె దరఖాస్తు చదివి పెన్ను కింద పెట్టింది.

"మణికట్టుకు కట్టు కావాలని రాశారు. మణికట్టులో ఒక కట్టు ముందే ఉంది కదండీ. ఒకేచోట రెండోది ఇస్తే ఆడిట్ వాళ్లు నన్ను బతకనిస్తారా?"

"అది పేరేనమ్మా."

"పేరంటే మాటలా? పేరు లేకపోతే రేషన్ బియ్యం ఇస్తారేంటండీ?"

అక్షరాలు రాసుకు బతికేవాడు కాబట్టి దేవదానానికి ఆ మాటలో న్యాయం కనిపించింది. అతని దిగులు చూసి ఆమే ఉపాయం చెప్పింది. మణికట్టు అన్నచోటల్లా కొట్టేసి ముంజేయి అని రాసింది. ముంజేయి అంటే ఇంచుమించు అదేనని, ఆ మాటలో ఏ కట్టూ లేదని చెప్పింది. నాలుగో రోజుకే ఉత్తర్వు వచ్చింది. ఇంత తొందరగా ఎవరికీ రాలేదట. దేవదానం కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేసి, ఇంటికెళ్లి చదివాడు.

ముంజేతిలో రెండు పొడుగు ఎముకలుంటాయి. అవి విరగలేదు. అయినా ఉత్తర్వు తమ పేరనే వచ్చింది కాబట్టి, కాదనలేక రెండూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. పడవ ఎముక తన వంతు కోసం విరిగే ఉంది. చెయ్యి ఇటూ అటూ తిరగడం మానేసింది.

శేషకుమారి మూడో ఎక్స్‌రే చూసి తృప్తిగా తల ఊపింది. "అతుక్కోమన్నాం, అతుక్కుంది. ఫైలు మూసేశాం. పడవ ఎముకకి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చండీ, కాకపోతే ఒక చేతికి ఏడాదికి ఒక్కటే."

దేవదానం పని మానలేదు. కుంచెను కదలకుండా పట్టుకుని నిలబడతాడు, కొట్టువాళ్లు ఇద్దరు బోర్డును దాని కింద గుండ్రంగా తిప్పుతారు. 'జ' దగ్గర కాస్త ఆయాసపడతారు గానీ, ఊళ్లో అందరికీ అలవాటైపోయింది. కొందరు ముందే తిప్పుతూ ఎదురొస్తారు.

మధ్యాహ్నం అతను ఎడంచేత్తో అన్నం కలుపుకోవడం చూసి భార్య రూతమ్మ గరిటె ఆపింది.

"ఇంకా నొప్పిగా ఉందా?"

దేవదానం కుడిచేతి వంక కాసేపు చూసుకున్నాడు.

"రేపు ఆఫీసుకెళ్లి కనుక్కుని చెబుతా," అన్నాడు.