కారు పందేనికి కోడె పళ్ల పరీక్ష

మధ్యలో నవ్వనంటేనే చెప్తాను. కుప్పుస్వామీ, ముందు నువ్వు ఆ టీ తాగెయ్. నోట్లో టీ పెట్టుకుని నువ్వు వింటే ఎదురుగా కూర్చున్నవాడికి స్నానమే.

మా అశ్విని సంగతి మీకు తెలిసిందే. పదహారేళ్ల పిల్ల. మదనపల్లె మండీలో మనమంతా టమోటా ధర పడిపోయిందని ఏడుస్తుంటే, అది బెంగళూరు పోయి చిన్న కార్ల పందేల్లో కప్పులు గెలుచుకొస్తుంది. షోకేసు నిండిపోయి, ఇప్పుడు మా ఇంట్లో ఒక కప్పులో రాళ్లుప్పు, ఇంకోదాంట్లో చింతపండు ఉంటున్నాయి.

అంతవరకు బాగానే ఉంది. పోయిన వారం చెన్నై నుంచి ఒక టీము వాళ్లు ఫోన్ చేశారు. దేశంలోకెల్లా పెద్ద పందెంలో, పెద్ద కారులో, పిల్లకు సీటిస్తారట. తల్లీ తండ్రీ ఇద్దరూ సరేననాలి. సోమవారం లోపల చెప్పకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

పిల్ల కాళ్లు నేలమీద లేవు. మా ఆవిడ నవనీత, అంటే మీకు చెల్లెలి వరస, ఫోన్ పెట్టకముందే సరేనంది. ఇక మిగిలింది నేను. అశ్విని చిన్న కారు ఒకసారి గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకున్న వీడియో చూసినప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అయినా భయమని పెళ్లాం ముందు ఒప్పుకుంటే పరువేం కావాలి? అందుకని చట్టం మాట్లాడాను.

"ఈ పిల్ల పక్కూరు అంగళ్లు దాకా స్కూటీ తోలితేనే పోలీసోళ్లు పట్టుకుంటారు. ఆడ రెండొందల స్పీడులో తోలితే సప్పట్లు కొడతారా? పద్దెనిమిది నిండనీ, అప్పుడు సూద్దాం" అన్నాను.

"ఆడ ఎదురుగా ఎవురూ రారప్పా" అంది నవనీత.

"ఎవురు రారు?"

"నీ మాదిరోళ్లు."

నాకు ఫస్టుగేరు ముద్దుకృష్ణ అని పేరు పెట్టింది మీరే కాబట్టి ఆ మాటకు వివరణ ఇవ్వను.

మాటల్లో నవనీతను గెలవడం నావల్ల కాదు. అందుకని పథకం వేశాను. ఆమె దాటలేని మాట ఒకటే ఉంది, వాళ్లమ్మది. మా అత్త లక్ష్మీదేవమ్మది కుప్పం దగ్గర పల్లె. బతుకంతా పశువులతోనే. ఆ పక్క పశువుల పండక్కి కోడెల్ని ఉరికిస్తారు గదా, పందేనికి ముందు చుట్టుపక్కల వాళ్లంతా తమ కోడెను తోలుకొచ్చి మా అత్తకు చూపిస్తారు. ఆమె దాని నోరు తెరిచి పళ్లు చూస్తుంది. పాలపళ్లు ఊడకపోతే పెద్ద పందెంలో దిగనివ్వదు. సొంత తమ్ముడి కోడెనే వెనక్కి పంపించిన మనిషి.

కోడెకే అంత పట్టింపు ఉన్న మనిషి మనవరాలిని ఒప్పుకుంటుందా? వద్దన్న పాపం ఆమెకు, నిద్ర నాకు. ఇంత తెలివి నాకెక్కడిదని నాకే ఆశ్చర్యమేసింది.

"గొడవెందుకు, మీ అమ్మనే అడుగుదాం. ఆయమ్మ ఏం జెప్తే అదే" అన్నాను.

"మాట తప్పవు గదా?"

"నేనా? తప్పితే సూడు."

"సరేప్పా, ఆదివారం పోదాం" అంది. నవనీత ఒక్క మాటకే ఒప్పుకుందంటే నాకు అప్పుడే అనుమానం రావలసింది. సంతోషంలో రాలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. పెద్దవాడి డ్రైవింగు ఎలా ఉంటుందో పిల్లకు చూపించాలని నిదానంగా పోనిచ్చాను. పుంగనూరు దాటేలోపు మమ్మల్ని ఆటోలు దాటాయి, గడ్డి ట్రాక్టరు దాటింది, చివరికి మోకాలెత్తు పుంగనూరు ఆవొకటి పక్కనే కొంతదూరం నడిచి, విసుగొచ్చి ముందుకెళ్లిపోయింది.

"ఏందప్పా ఈ కాలిన వాసన?" అంది నవనీత.

"ఎవురో టైర్లు కాలుస్తాండారు" అన్నాను.

"నాన్నా, హ్యాండ్ బ్రేకు తియ్యి" అంది అశ్విని వెనకనుంచి.

మదనపల్లెలో వేసింది అలాగే ఉందట. తీశాక కారు ఎంత హాయిగా పోయిందనుకున్నారు!

మా అత్త కొట్టం ముందు కూర్చుని ఉంది. కాఫీ కూడా తాగకుండా వాదన మొదలుపెట్టాను. పెద్ద కారు, పెద్ద స్పీడు, చిన్న పిల్ల. మధ్యమధ్యలో కోడెలు, పాలపళ్లు అని గుర్తుచేస్తూ వచ్చాను. ఆమె అంతా విని, "అమ్మణ్ణీ, ఇట్ల రా. నోరు తెరు" అంది.

అశ్విని నవ్వుతూనే నోరు తెరిచింది. మా అత్త గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురుకు తిప్పి, కోడెను చూసినంత శ్రద్ధగా చూసింది.

"ఇంకా పాలపండ్లే గదత్తా?" అన్నాను ఆశగా.

"యాడివప్పా? లోపల కడాకు దవడపన్ను గూడా మొలుస్తాండాది. నోరు నిండిపోయింది." ఆ చెయ్యి కొంగుకు తుడుచుకుని నావైపు తిరిగింది. "నువ్వూ తెరు."

"నేనెందుకత్తా?"

"తోలేటోళ్లకు వయసుండాలంటివి గదా. నీదీ సూడాల."

కూతురి ముందు అత్త మాట కాదనలేక తెరిచాను. ఒక్కసారి చూసి మూసేసింది. "రెండు ఊడినాయి, ఒగటి పుచ్చింది. సంతలో కట్టేసినా ఎవురూ అడగరు" అంది. నవనీత పక్కకు తిరిగి దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"అయినా పండ్లకూ కారుకూ ఏం సంబంధమత్తా?" అన్నాను.

"ఆ సంబంధం కలిపింది నువ్వే గదప్పా. పండ్లొక్కటే సూసి మేమూ దించం. ఉరికేదానికేమి, యా కోడైనా ఉరుకుతాది. గీత కాడ నిలబడతాదా లేదా, అది సూడాల. నిలబడనిది జనం మీద పడతాది."

ఇంటి వెనక చెనక్కాయ పీకేసిన చేను బోసిగా ఉంది. ఆ చివర ఒక కర్ర పాతి, దానికి ఎర్ర తువాలు కట్టించింది. రెండో కొసనుంచి ఉరికించుకొచ్చి కర్ర కాడ కారు నిలపాలి. అదీ పరీక్ష.

"ముందు నేను తోలి సూపిస్తా" అన్నాను. ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లుగా తోలుతున్నవాడిని, ఆగడంలో నన్ను మించినవాడు లేడు, నడిరోడ్డులో కూడా ఆగిపోతాను గదా అని నా ధైర్యం.

అంతా బాగానే జరిగింది, కర్ర దగ్గరకొచ్చేదాకా. అప్పుడొక కోడి అడ్డమొచ్చింది. నేను బ్రేకు తొక్కాను. బ్రేకు ఉండవలసిన చోట ఎక్స్‌లేటరు ఉంది. కోడి ఎగిరింది, కర్ర విరిగింది, తువాలు అద్దానికి చుట్టుకుంది, కారు పోయి గడ్డివామిలో దూరింది. ముందు గడ్డి తప్ప ఏమీ కనిపించకపోతే వైపర్లు వేశాను.

చూడ్డానికొచ్చిన ఊరివాళ్లు నలుగురు కలిసి నన్ను బయటికి లాగారు. కోడి బాగానే ఉందట, ఎవరూ నా సంగతి అడగకముందే ఆ సంగతి చెప్పారు.

ఇంకో కర్ర పాతారు. అశ్విని కారును వామిలోంచి వెనక్కి తీసి, చేను కొసకు తీసుకుపోయింది. సీటు సర్దుకుంది, బెల్టు రెండుసార్లు లాగి చూసుకుంది. తర్వాత ఒకటే దుమ్ము. నేను కళ్లు మూసుకున్నాను. పెద్ద చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. చప్పుడు రాలేదు. కళ్లు తెరిస్తే కర్రకు జానెడు ఇవతల కారు నిలబడి ఉంది.

చప్పట్లు కొట్టడం మరిచిపోయి మా అత్త పక్కకు పోయాను. ఇక దాచలేకపోయాను.

"నాకు భయమత్తా. ఆ పిల్లకేమన్నా అయితే నేను బతకలేను" అన్నాను.

మా అత్త నా తలలో గడ్డి తీస్తూ అంది. "ఆ ముక్క పొద్దున్నే చెప్తే నా వామి మిగిలుండేది గదప్పా. భయం నీది. దాన్ని పిల్ల వయసు మీద యాల పెడతావు?"

అశ్విని కారు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాకూ భయముంటాది నాన్నా. అందుకే గదా బెల్టు రెండుసార్లు సూసుకునేది" అంది.

"సరే, పో తల్లీ" అన్నాను. అనేశాక గుండె తేలికైంది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

"అట్లంటే సాలదు" అంది మా అత్త. "కోడె మొట్టమొదటి పందెంలో ఇంటిమనిషి గీత కాడ నిలబడాల. అది వాణ్ణి సూసి ఆగుతాది. నువ్వే పోవాల."

"నేనా? ఇది టమోటా సీజను గదత్తా! మండీ?"

"మండీ నేను సూసుకుంటా. నువ్వు లేకుంటే ధర పెరుగుతాదేమో సూద్దాం" అంది నవనీత, కారు తాళాలు నా జేబులోంచి తీసుకుంటూ.

అశ్విని తన సంచిలోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. లోపల ఆ టీము వాళ్ల టీషర్టు. వీపు మీద ఇంత పెద్ద అక్షరాలతో నా పేరు.

"ఇది ఎప్పుడు జేపిచ్చినారే?" అన్నాను.

"ఫోనొచ్చిన మర్నాడే. నువ్వు మా అమ్మ కాడికే ఉరుకుతావని తెలుసు. ఆయమ్మ నిన్నే గీత కాడ నిలబెడతాదనీ తెలుసు. ఇంకెవురుండారు నీకు?" అంది నవనీత.

ఇంకొక్క ప్రశ్న కూడా అడగలేదు. కొట్టంలోకి పోయి, బర్రెల మధ్య నిలబడి వేసుకుని చూసుకున్నాను. పొట్ట దగ్గర కూడా సరిగ్గా సరిపోయింది.